గోదావరి అవతలికి వెళ్లే రోడ్లు, బస్సుల డబ్బు గురించి మనల్ని అడిగేదెవరు?

పేరూరు_పిలగాడు
మాది తెలంగాణలో ములుగు జిల్లా, వాజేడు మండలం. ఎగువన వానలు పడి గోదావరి పెరిగిందంటే టేకులగూడెం దగ్గర 163 జాతీయ రహదారి మీదికి నీళ్లొస్తాయి. ఛత్తీస్‌గఢ్ బండ్లు అటే, మన బండ్లు ఇటే ఆగిపోతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు మాకు చుట్టరికాలున్నాయి. మిర్చి ఏరడానికి కూలీలు అటు నుంచే వస్తారు. అక్కడి జనం రోగమొస్తే ఏటూరునాగారం, ములుగు, వరంగల్ దారి పడతారు. రోడ్డు మునిగితే అన్నీ బంద్.

వరద వస్తుంది, పోతుంది. నేను అడిగేది డబ్బు సంగతి. ఆ లోతట్టు ముక్క ఎత్తు పెంచాలా? సరిహద్దు దాటే బస్సు వేయాలా? లోపలి ఊళ్లకు వాగుల మీద కల్వర్టులు కట్టాలా? ముందు దేనికి ఖర్చు పెట్టాలో హైదరాబాద్‌లో కొందరు, రాయ్‌పూర్‌లో కొందరు, ఢిల్లీలో కొందరు తేలుస్తున్నారు. రోజూ ఈ రోడ్డు మీద తిరిగే మమ్మల్ని, అవతలివాళ్లను కలిపి కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా? అట్లా అడిగే పద్ధతి చట్టంలో ఎక్కడైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్చి_మల్లన్న
తమ్మీ, ఎనుమాముల యార్డులో పాట అయిపోయాక రైతుకు ధర చెప్పినట్టే, రోడ్డు శాంక్షన్ అయ్యాక మనకు చెప్తారు. ముందు అడగడం నేనైతే చూడలేదు.

సిరివంచ_శీను
మాది సిరివంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. దానికంటే వరంగల్ చాలా దగ్గర. కాళేశ్వరం దగ్గర వంతెన లేనప్పుడు పడవ మీద దాటేవాళ్లం. వంతెన వచ్చాక సరుకులకు, డాక్టరుకు, పెళ్లి బట్టలకు మంచిర్యాల, వరంగల్ వెళ్లడం మామూలైపోయింది.

మేడిగడ్డ బ్యారేజీ మీది రోడ్డు మాకు ఇంకో దారి అయింది. 2019 జూన్ 21న ప్రారంభిస్తే మా ముఖ్యమంత్రి కూడా వచ్చారు. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాయి, రాకపోకలు ఆపేశారు. మీ వైపు అంబట్‌పల్లి, మా వైపు పోచంపల్లి, మధ్యలో 85 గేట్ల బ్యారేజీ. ప్రమాదం ఉన్నప్పుడు ఆపడం సరైనదే, దానికి నేను వ్యతిరేకం కాదు. తర్వాత ఆ దారి సంగతి ఏమిటని మేము ఎక్కడికి పోయి అడగాలి? కట్టింది తెలంగాణ. మా ఓటు మహారాష్ట్రలో. మీ ఎమ్మెల్యేకు నా ఓటు లేదు, మా ఎమ్మెల్యే చేతిలో బ్యారేజీ లేదు. పేరూరు తమ్ముడు అడిగింది సరిగ్గా మా బాధే.

హన్మకొండ_గ్రూప్స్
గ్రూప్-1కి చదువుతున్నా కాబట్టి ఇది చెప్పగలను. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద జోనల్ కౌన్సిళ్లు, అంటే పక్కపక్క రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే మండళ్లు ఉన్నాయి, కేంద్ర హోం మంత్రి అధ్యక్షుడు. సరిహద్దు తగాదాలు, భాషాపరమైన మైనారిటీలు, అంతర్రాష్ట్ర రవాణా గురించి అవి చర్చించొచ్చని చట్టంలోనే రాసి ఉంది. అయితే తెలంగాణ దక్షిణ కౌన్సిల్‌లో, మహారాష్ట్ర పశ్చిమ కౌన్సిల్‌లో, ఛత్తీస్‌గఢ్ మధ్య కౌన్సిల్‌లో ఉన్నాయి. ప్రాణహిత, ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే ఈ కొద్దిపాటి దూరంలో మూడు రాష్ట్రాలు ఒకరికొకరు కనిపిస్తాయి. సమావేశానికి మాత్రం మూడు వేర్వేరు గదులకు వెళ్తాయి.

ఉమ్మడి సమావేశం పెట్టుకునే వీలు అదే చట్టంలో ఉంది. కాకపోతే అక్కడ కూర్చునేది ముఖ్యమంత్రులు, మంత్రులు, అధికారులు. జనానికి కుర్చీ లేదు.

ఓరుగల్లు_బాబాయ్
మీరంతా ఒకటి మరిచిపోతున్నారు. ఎంపీలను, ఎమ్మెల్యేలను ఎన్నుకున్నది ఎందుకు? ప్రతి రోడ్డుకూ జనాన్ని పిలిచి అడుగుతూ పోతే ఒక్క రోడ్డూ పూర్తి కాదు. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద అంత పెద్ద వంతెన కట్టారు, ఊరూరా ఓటింగ్ పెట్టి కట్టారా? కట్టాక అందరూ సంతోషంగా వాడుకుంటున్నారు కదా.

పేరూరు_పిలగాడు
బాబాయ్, ముల్లకట్ట వంతెన వల్ల మేం బాగుపడ్డాం, ఆ మాట కాదనను. అది లేనప్పుడు ఏటూరునాగారం మా కళ్లకు కనిపించేది గానీ భద్రాచలం మీదుగా తిరిగి రావాల్సి వచ్చేది. అప్పుడు మేం ఖమ్మం జిల్లా. 2016లో జయశంకర్ జిల్లాకు వచ్చాం, 2019లో ములుగుకు. మూడు జిల్లాలు మారినా సరిహద్దు అవతలివాళ్లతో మాట్లాడే చోటు ఏ జిల్లాలోనూ దొరకలేదు. ఎంపీ మా వైపు సంగతి చెప్తాడు, అవతలి ఎంపీ ఆ వైపు సంగతి చెప్తాడు. రోడ్డు మాత్రం ఒకటే కదా, సగం బాగు చేస్తే ఏం లాభం?

పాత_కండక్టర్
బస్సుల సంగతి నేను చెప్తా. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు నడవాలంటే ఒప్పందం ఉండాలి. ఒప్పందంలో ప్రధానంగా చూసేది కిలోమీటర్లు. మీ బస్సు మా రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరిగితే మా బస్సు మీ రాష్ట్రంలో దాదాపు అన్నే తిరగాలి. పేద జిల్లా, పెద్ద ఆస్పత్రి, మిర్చి సీజను అనేవి ఆ లెక్కలోకి రావు.

2020 గుర్తుందా? లాక్‌డౌన్‌తో ఆగిన ఆంధ్ర–తెలంగాణ బస్సులు, మిగతావన్నీ తెరిచాక కూడా ఈ కిలోమీటర్ల పంచాయితీ వల్ల నడవలేదు. ఆ దసరాకు జనం సరిహద్దు దాకా ఒక బస్సు, అవతల ఇంకో బస్సు ఎక్కారు. చివరికి నవంబర్ 2న ఒప్పందం అయింది. ఆంధ్రలో మనవి 826 బస్సులు 1,61,258 కిలోమీటర్లు, మన దగ్గర వాళ్లవి 638 బస్సులు 1,60,999 కిలోమీటర్లు. అంత దగ్గరగా కుదిర్చారు చూడండి. ఆ ఏడు నెలలు ప్రయాణికుణ్ణి ఒక్క మాట అడగలేదు.

మిర్చి_మల్లన్న
ఆ దసరాకు మా వదిన వాళ్లు సరిహద్దులో పిల్లల్ని, సామాన్లను దింపుకుని నడిచి అవతలి బస్సు ఎక్కారు. సకినాల డబ్బా మాత్రం పాత బస్సులోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఆ డబ్బా మాటే చెప్తుంది.

లాయర్_స్వప్న
పేరూరు తమ్ముడూ, పద్ధతి ఉంది. వాడేవాళ్లు లేరు. మోటారు వాహనాల చట్టం 1988లో 88వ సెక్షన్, ఐదో ఉపసెక్షన్ చూడండి. ఏ దారిలో ఎన్ని పర్మిట్లు ఇవ్వాలో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకోవాలనుకుంటే, ముందు ఆ ప్రతిపాదనను రెండు ప్రభుత్వాలూ గెజిట్‌లో వేయాలి. ఆ దారి పోయే ప్రాంతంలో చదివే ప్రాంతీయ భాషా పత్రికలో కూడా వేయాలి. అభ్యంతరాలు, సూచనలు ఎప్పటిలోగా ఇవ్వాలో రాయాలి. వాటిని ఏ రోజు, ఏ చోట, ఏ అధికారి వింటారో కూడా చెప్పాలి. ఆ రోజు గెజిట్ ప్రచురణకు కనీసం 30 రోజుల తర్వాతే ఉండాలి.

అంటే సరిహద్దు బస్సుల మీద మాట్లాడే హక్కు మీకు ఇప్పటికే ఉంది. సిరివంచలో ఉన్న మనిషి మహారాష్ట్ర వైపు ప్రతిపాదన మీద, వాజేడులో ఉన్న మనిషి తెలంగాణ వైపు దాని మీద రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. ఇద్దరూ ఒకే మాట రాస్తే ఇంకా మంచిది.

పాత_కండక్టర్
స్వప్నమ్మా, సెక్షన్ నిజమే. ఆ ప్రకటన ఎక్కడ వస్తుందో కూడా చెప్పాలి. లోపలి పేజీలో, టెండర్ల మధ్య, చీమల్లాంటి అక్షరాల్లో వస్తుంది. మా డిపోలో పేపరు చదివే అలవాటు ఉన్నవాళ్లే అది చూసేవాళ్లు కాదు. పేపరే రాని వెంకటాపురం గూడేల్లో ఎవరు చూస్తారు?

లాయర్_స్వప్న
నేనూ అదే అంటున్నా అంకుల్. ప్రకటన చూసి పది ఊళ్లకు చెప్పే మనుషులు కావాలి. అది మనం చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పరకాల_రైతుబిడ్డ
హక్కుల గురించి వింటుంటే నాకు కడుపు రగులుతోంది. పొలాల మీదుగా కొత్తగా వేసే నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే తెలుసు కదా. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి మంచిర్యాల–వరంగల్ 108 కిలోమీటర్ల ముక్కకు శంకుస్థాపన చేశారు. దాని వల్ల 34 కిలోమీటర్ల దూరం తగ్గుతుందన్నారు. తగ్గేది లారీకి. మా పొలం మధ్య నుంచి పోతే నా ట్రాక్టరుకు దూరం పెరుగుతుంది. బావి ఒక పక్క, పొలం ఒక పక్క అయింది.

విచారణకు పోయాం. ముందు వరుసలో ఎవరెవరో కూర్చున్నారు. మా నాన్న లేచి బావి సంగతి చెప్తుంటే మైకు తీసుకుని "రాసి ఇవ్వండి" అన్నారు. రాసిచ్చాం. దాని మీద జవాబు రాలేదు. రెండు రాష్ట్రాల జనాన్ని కూడా ఇట్లాగే అడుగుతామంటే అడగకపోవడమే నయం.

లాయర్_స్వప్న
తమ్ముడూ, రెండు వేరు విషయాలు. భూసేకరణలో జాతీయ రహదారుల చట్టం ప్రకారం నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి, ఇచ్చినవాళ్లను పిలిచి విని ఉత్తర్వు రాయాలి. పర్యావరణ విచారణ 2006 నోటిఫికేషన్ కింద జరుగుతుంది. జనం లేవనెత్తిన విషయాలను, వాటికి వచ్చిన జవాబులను సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించాలి. చదివారా?

పరకాల_రైతుబిడ్డ
చదవలేదక్కా. భోజనాలు రెడీ అన్నారు, అందరూ లేచారు.

లాయర్_స్వప్న
అయితే ఆ మినిట్స్ (సభలో ఎవరేమన్నారో రాసిన కాగితం) కాపీ సమాచార హక్కు కింద అడగండి. మీ నాన్నగారు చెప్పింది అందులో ఉందో లేదో చూడండి. దరఖాస్తు ఎట్లా రాయాలో మెసేజ్ చేస్తా.

ఓరుగల్లు_బాబాయ్
చూశారా, నేను చెప్పింది ఇదే. అడిగే పద్ధతి ఉన్నచోటే ఇట్లా ఉంటే, మూడు రాష్ట్రాలకు కలిపి ఇంకో పద్ధతి పెడితే ఏమవుతుంది?

సిరివంచ_శీను
పద్ధతి సరిగా నడవకపోతే సరిగా నడపమని అడగాలి బాబాయ్, పద్ధతే వద్దంటే ఎట్లా? పరకాల తమ్ముడికి కనీసం సభ జరిగింది, జవాబు రాలేదని గట్టిగా అనగలుగుతున్నాడు. మాకు ఆ సభ కూడా లేదు.

రిటైర్డ్_డీఈ
ఆర్ అండ్ బీలో పనిచేసి దిగాను. డబ్బు ఏ దారిలో వస్తుందో తెలుసుకోకుండా నోరెత్తితే గాలికి పోతుంది, అందుకని వరసగా చెప్తా.

జాతీయ రహదారికి మొత్తం కేంద్రం డబ్బే. 163, సిరివంచ వైపు పోయే 353సి అందులోకి వస్తాయి. రాష్ట్ర రోడ్డు సరిహద్దు దాకా ఒక రాష్ట్రం ఖర్చు, దాటితే ఇంకో రాష్ట్రం ఖర్చు. మనం పెట్రోలు, డీజిలు మీద కట్టే సెస్సు కేంద్ర రహదారి నిధికి పోతుంది, దానికి 2000లో చట్టం చేశారు, 2018లో పేరును కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధిగా మార్చారు. ఆ నిధిలో అంతర్రాష్ట్ర అనుసంధానం అని ఒక పద్దు ఉంది. దాని కింద రెండు రాష్ట్రాలను కలిపే రోడ్డుకు కేంద్రం నూటికి నూరు శాతం ఇస్తుంది. ఆర్థిక ప్రాముఖ్యం ఉన్న రోడ్డుకైతే సగమే. నక్సల్ ప్రభావిత ప్రాంతాల రోడ్లకు 2016లో ఇంకో పథకం పెట్టారు, 9 రాష్ట్రాల్లో 44 జిల్లాలు, కేంద్రం 60, రాష్ట్రం 40.

అసలు చిక్కు ఒకటే. ప్రతిపాదన రాష్ట్రం నుంచి పోవాలి. ఇటు రాష్ట్రం ఈ ఏడాది రాస్తే అటు రాష్ట్రం ఇంకో ఏడాది ఇంకో రోడ్డు రాస్తుంది. ఒక వైపు తారు, ఇంకో వైపు కంకర, మధ్యలో బోర్డు. నా సర్వీసులో అట్లాంటివి చూశాను. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే రోడ్డు రాసేలా ఒత్తిడి తేగలిగేది ఆ రోడ్డు మీద ఉన్న జనమే. అంతవరకు పేరూరు అబ్బాయితో ఏకీభవిస్తాను.

అయితే జనం ఓటుతో ప్రాధాన్యం తేల్చాలంటే ఒప్పుకోను. ట్రాఫిక్ లెక్కలు ఎందుకున్నాయి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం ఏడాదికి రెండుసార్లు, వరసగా ఏడు రోజులు, రాత్రింబగళ్లు బండ్లు లెక్కపెట్టాలి. ఎక్కువ బండ్లు ఎక్కడ ఉంటే అక్కడ డబ్బు. లెక్క ఎవరికీ చుట్టం కాదు.

వెంకటాపురం_ఏఎన్ఎం
డీఈ గారూ, మీ లెక్క పోయే బండ్లనే పట్టుకుంటుంది. పోలేని మనుషుల్ని పట్టుకోదు. రోడ్డు మునిగిన రోజుల్లో బండ్లు లేవు కాబట్టి అవసరం లేదని రాస్తారా?

మా దగ్గర ఎట్లుంటుందో చెప్తా. నెలలు నిండిన అమ్మాయి అవతలి ఊరు నుంచి పుట్టింటికి రావాలి. బస్సు లేదు. జీపు నిండితేనే కదులుతుంది, నిండటానికి పొద్దెక్కుతుంది. వెనక డోరు తీసి సీట్ల మధ్య మిర్చి బస్తా, దాని మీద ఇంకొకరు. ఆ అమ్మాయి చేతిలో ఆస్పత్రి కాగితాల ప్లాస్టిక్ కవరు, కాళ్ల దగ్గర కోడి. మీ లెక్కలో అది ఒక జీపు. అందులో పదహారు మంది ఉన్నారని, ఆ పదహారు మందిలో ఒకరికి ఆ కుదుపులు పడకూడదని ఏ గడిలో రాస్తారు?

జంపన్నవాగు_జాన్సీ
👏 అక్కా, ఈ ఒక్కటి ప్రింట్ తీసి ఆఫీసు గోడకు అంటించాలి.

రిటైర్డ్_డీఈ
ఏఎన్ఎం గారు చెప్పింది న్యాయమైన మాట. బండి రకం రాస్తాం గానీ ఎక్కినవాళ్ల సంఖ్య ఆ గడిలో ఉండదు. అయినా లెక్క తీసేయమని మాత్రం అనొద్దు, లెక్క లేకపోతే నోరున్న ఊరికే రోడ్డు పోతుంది. లెక్కతో పాటు మీరు చెప్పినట్టు మనుషుల లెక్క కూడా జత చేసి ఇవ్వండి. కోతల కాలంలో ఒకసారి, పనులు లేని కాలంలో ఒకసారి.

కెరమెరి_సారు
ఓటు ఉంటే మాట చెల్లుతుందని అనుకునేవాళ్లు మా వైపు రావాలి. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ లాంటి పద్నాలుగు ఊళ్లు అటు మహారాష్ట్రవీ, ఇటు తెలంగాణవీ. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, రెండు బడులు, ఇద్దరు సర్పంచులు. దేశంలో అందరికీ ఒక ఓటుంటే వీళ్లకు రెండు. మరి దారులు రెండింతలు బాగుండాలి కదా? వానాకాలం గుట్ట దిగి ఒక్కసారి నడిచి చూడండి. వీళ్లు వేస్తారని వాళ్లు, వాళ్లు వేస్తారని వీళ్లు ఆగుతారు. భూమి పట్టాల సంగతీ అంతే.

విడివిడిగా రెండు చోట్ల ఓటు వేయడం వల్ల కాదు, రెండు ప్రభుత్వాలు ఒకే చోట కూర్చుని వినడం వల్ల పని అవుతుంది. మా ఊళ్ల అనుభవం ఇదే.

సిరివంచ_శీను
సారూ, ఇది నాకు బాగా అర్థమైంది. మేమేమో ఒక ఓటుతో ఇబ్బంది పడుతున్నాం, మీరు రెండుతో.

సెయింట్‌లూయిస్_ఓరుగల్లోడు
హన్మకొండలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డా. మేముండే ఊరు కూడా నది ఒడ్డే. మిసిసిపీకి ఇటు మిస్సోరీ రాష్ట్రం, అటు ఇల్లినాయ్. 1949లోనే రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని బై-స్టేట్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ అని ఒకే సంస్థ పెట్టుకున్నాయి. బస్సులు, రైలు అదే నడుపుతుంది. 1993లో మెట్రోలింక్ రైలు మొదలైంది, 1874లో కట్టిన ఈడ్స్ వంతెన మీదుగా నది దాటుతుంది. అదే ఏడాది ఇల్లినాయ్ వైపు సెయింట్ క్లెయిర్ కౌంటీ జనం, రైలు మా లోపలి దాకా రావాలి, అందుకు అమ్మకం పన్ను అర శాతం ఎక్కువ కడతామని ఓటేశారు. 2001లో రైలు వచ్చింది.

వద్దన్నవాళ్లూ ఉన్నారు. సెయింట్ ఛార్లెస్ కౌంటీ 1996లో ఆ పన్నుకు ఓటెయ్యలేదు, అక్కడికి రైలు పోలేదు. సెయింట్ లూయిస్ కౌంటీ 2008లో కాదంది, మరుసటి ఏడాది బస్సులు బాగా తగ్గించారు. ఆ ఇబ్బంది చూశాక 2010లో మళ్లీ ఓటు పెడితే ఒప్పుకున్నారు. బాబాయ్ అన్నట్టు ఆలస్యమవుతుంది నిజమే. కానీ ఏం కోల్పోయారో, ఎందుకు కట్టారో జనానికి తెలుసు.

ఓరుగల్లు_బాబాయ్
అక్కడ జనం పన్ను కడతామన్నారు. మన దగ్గర ఎవరు అంటారు? సెస్సు ఇప్పటికే కడుతున్నాం.

లాయర్_స్వప్న
అదే తేడా. మన జిల్లాకు అమ్మకం పన్ను వేసే అధికారం లేదు. కాబట్టి అమెరికా పద్ధతి అట్లాగే తెచ్చుకోలేం. కట్టిన సెస్సులో మన రోడ్డు ముందు రావాలని అడగడం మాత్రం మన చేతిలో ఉంది. ఆ 1949 సంస్థలా బస్సులు నడపలేకపోయినా, చర్చించి సిఫారసు చేయడానికి మన రాజ్యాంగం 263వ అధికరణం కింద రాష్ట్రపతి రాష్ట్రాల మధ్య మండలి పెట్టొచ్చు.

ఆదిలాబాద్_ఆశన్న
రైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేము ఆదిలాబాద్ నుంచి రైల్లో హైదరాబాద్ పోవాలంటే ముందు మహారాష్ట్రకు పోవాలి. కిన్వట్, ముద్ఖేడ్ చుట్టి బాసర మీదుగా దిగుతాం. మా స్టేషను నాందేడ్ డివిజన్‌లో ఉంది. ప్రతి డివిజన్‌కూ ప్రయాణికుల సలహా సంఘం ఉంటుంది, ఎంపీలు, వ్యాపార సంఘాలు, ప్రయాణికుల సంఘాల నుంచి మనుషుల్ని తీసుకుంటారు. అంటే రైల్వేలో రాష్ట్రం హద్దు దాటి ఒకే బల్ల దగ్గర కూర్చునే పద్ధతి ఉన్నట్టే. రోడ్లకు, బస్సులకు అట్లాంటిది లేదు. సలహా మాత్రమే ఇస్తారు, డబ్బు వాళ్ల చేతిలో ఉండదు, అది వేరే బాధ.

ఇంకోటి. మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు రాష్ట్రం మూడో వంతు ఖర్చు, భూమి ఇచ్చింది కాబట్టే పని ముందుకు పోయింది. సరిహద్దు దాటే లైనుకు ఏ రాష్ట్రం ఎంత వాటా ఇవ్వాలన్న దగ్గరే ఆగిపోతుంది.

పద్మక్క_మహదేవపూర్
బస్సు టికెట్ సంగతి కూడా చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి మాకు మహాలక్ష్మి, ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితం, అది కూడా తెలంగాణ హద్దు వరకే. అదే ఏడాది మార్చి నుంచి మహారాష్ట్ర బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్, అది వాళ్ల హద్దు వరకే. మా చెల్లెల్ని సిరివంచ ఇచ్చాం. ఇద్దరం కాళేశ్వరంలో ఒకే బస్సు ఎక్కి వరంగల్ వస్తాం. నాది జీరో టికెట్, దాని ఆధార్ మహారాష్ట్రది కాబట్టి పూర్తి టికెట్. ఒకే అమ్మ కడుపున పుట్టాం. పెద్ద వంతెనలకు పెట్టే డబ్బులో ఇది ఎంత? రెండు ప్రభుత్వాలు కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే విషయం.

సిరివంచ_శీను
వదినా, మా ఇంట్లో కూడా ఇదే గొడవ. మా ఆవిడ "మా అక్కకు ఫ్రీ" అని నాకే లెక్క చెప్తుంది.

జంపన్నవాగు_జాన్సీ
మేడారం జాతరను ఎందుకు మరిచిపోతున్నారు? రెండేళ్లకోసారి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నుంచి జనం వస్తారు. అప్పుడు బస్సులు, పార్కింగు, దారి మళ్లింపులు, ఆస్పత్రులు అన్నీ సిద్ధం చేస్తారు. అందరూ కలిసి కూర్చుంటేనే కదా అది జరిగేది? అమ్మవార్ల కోసం చేయగలిగింది మిగతా రోజుల్లో మనుషుల కోసం కూడా చేయొచ్చు.

పేరూరు_పిలగాడు
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. చర్చ ఇక్కడే ఆగిపోకుండా ఒక పని చేద్దాం. మావి షెడ్యూల్డ్ ఏరియా ఊళ్లు. అవతల బీజాపూర్, గడ్చిరోలి వైపువీ అవే. షెడ్యూల్డ్ ఏరియా గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం మూడు రాష్ట్రాల్లోనూ ఉంది. అక్టోబర్ 2న అన్ని చోట్లా గ్రామసభలు పెట్టడం అలవాటు. ఆ రోజు సరిహద్దుకు రెండు వైపులా ఒకే తీర్మానం చేసి, ముగ్గురు కలెక్టర్లకూ పంపుదాం.

రిటైర్డ్_డీఈ
జాతీయ రహదారి మీద గ్రామసభ తీర్మానం చెల్లదు. ఆశ పెట్టకండి.

లాయర్_స్వప్న
డీఈ గారు చెప్పింది సగం కరెక్ట్. పెసాలో గ్రామసభ ఆమోదం గ్రామస్థాయిలో పంచాయతీ చేపట్టే పనులకు. హైవే దాని కిందికి రాదు. కానీ తీర్మానం రికార్డు అవుతుంది. జిల్లాలో కేంద్ర పథకాల పనులు చూడటానికి ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీలో గ్రామీణ సడక్ పనులు సమీక్షకు వస్తాయి, అక్కడ పెట్టించొచ్చు. బస్సుల మీద 88వ సెక్షన్ ప్రకటన వచ్చిన రోజు ఇదే కాగితం అభ్యంతరంగా పంపొచ్చు. భూపాలపల్లి వైపు ఊళ్లు గనుల ప్రభావిత ప్రాంతంలో ఉంటే జిల్లా ఖనిజ నిధి నుంచి కూడా అడగొచ్చు. ఒకే కాగితం నాలుగు చోట్ల పనికొస్తుంది.

ఓరుగల్లు_బాబాయ్
ఇట్లా అయితే నాకు అభ్యంతరం లేదు. పని ఆపమని కాకుండా, ఏ పని ముందు కావాలో అడుగుతున్నారు. అయితే తీర్మానంలో పార్టీ పేర్లు రాయకండి, అక్కడే చెడుతుంది.

వెంకటాపురం_ఏఎన్ఎం
తీర్మానంలో ఆడవాళ్ల సంతకాలు విడిగా తీసుకోండి. గ్రామసభకు రమ్మంటే మగవాళ్లే వచ్చి రోడ్డు వెడల్పు గురించి మాట్లాడి పోతారు. జీపులో ఎవరు ఎట్లా పోతున్నారో చెప్పేది వీళ్లే.

సిరివంచ_శీను
మరాఠీ నేను రాస్తా. భోపాలపట్నం వైపు హిందీలో కావాలి, గోండీలో చదివి వినిపించేవాళ్లు ఉంటే ఇంకా మంచిది.

కెరమెరి_సారు
గోండీ, కొలామీ మా పాత విద్యార్థులు చదువుతారు. నంబర్లు మెసేజ్‌లో పంపుతా.

పరకాల_రైతుబిడ్డ
నేనూ వస్తా. తీర్మానం చివర ఒక లైను పెట్టండి. "మేము చెప్పినదానికి రాతపూర్వక జవాబు ఇవ్వాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి." అది లేకుండా సంతకం పెట్టను.

లాయర్_స్వప్న
పెడతా. అదే మొదటి లైను చేస్తా.

పేరూరు_పిలగాడు
భోపాలపట్నంలో మా మేనమామతో ఇప్పుడే మాట్లాడా. ఆయన అంటాడు, "మీకు రోడ్డు ఎత్తు ముందు, మాకు బస్సు ముందు. మీరు మునిగేది కొన్ని రోజులు, మాకు బస్సు లేనిది ఏడాదంతా." మా ఊళ్లో అడిగితే అందరూ రోడ్డే అంటున్నారు. ఏది పైన రాయాలి?

పాత_కండక్టర్
రెండూ రాయండి. ఏ ఊరు ఏది ముందన్నదో ఊరి పేరుతో సహా పక్కన వేయండి. ఒకే మాట అన్నట్టు కలిపేస్తే రేపు మీ మేనమామ ఊరే కాదంటుంది. బస్సు కింద వేళలు కూడా రాయండి, ఆస్పత్రి ఓపీకి అందేలా పొద్దున ఎన్నింటికి కావాలో. వేళ రాయని అర్జీని డిపోలో పక్కన పెట్టేస్తారు.

పద్మక్క_మహదేవపూర్
టికెట్ సంగతి మూడోది. అది తీసేయకండి.